మనుషుల్ని అర్థం చేసుకునే చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. అమ్మాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది లాంటిది), సైన్స్. ఇంజనీరింగ్ వద్దు, సైకాలజీ చదువుతానంటోంది. "మనుషులు ఒకరితో ఒకరు ఎందుకలా ఉంటారో తెలుసుకోవాలి" అంటుంది. వాళ్ల నాన్న "నీకేం తెలుసు, చెప్పింది చెయ్" అనేసరికి ధడాలున తలుపేసుకుంది. మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ తలుపు సంగతి. ఎరిక్ బెర్న్ అనే మనోవైద్యుడు 1950లలో ట్రాన్సాక్షనల్ అనాలిసిస్‌కు, అంటే మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరును విశ్లేషించే పద్ధతికి, పునాది వేశారు. ప్రతి మనిషిలోనూ ఒక పేరెంట్, ఒక అడల్ట్, ఒక చైల్డ్ ఉంటారంటారాయన. మీ వారు పేరెంట్‌గా గద్దించారు, అమ్మాయి చైల్డ్‌గా అలిగింది. అడల్ట్‌గా ఇద్దరూ మాట్లాడలేదు. తను చదవాలనుకుంటున్నది సరిగ్గా ఇదే.

ఇది కబుర్ల చదువనుకోకండి. మేరీ ఐన్‌స్‌వర్త్ అనే సైకాలజిస్ట్ ఏడాది వయసు పిల్లల్ని తల్లితో ఒక కొత్త గదిలో కూర్చోబెట్టి, తల్లిని కొద్ది నిమిషాలు బయటికి పంపి, మళ్లీ రప్పించి గమనించారు. పిల్ల ఎంత ఏడ్చిందన్నదానికన్నా, అమ్మ తిరిగొచ్చాక ఏం చేసిందన్నదే ఆవిడకు ముఖ్యం. ఎత్తుకోగానే ఊరుకుందా? మొహం తిప్పుకుందా? చంకెక్కి కూడా కోపంతో తోసేసిందా? పసిబిడ్డకూ పెంచేవాళ్లకూ మధ్య అల్లుకునే బంధం గురించి జాన్ బౌల్బీ చెప్పిన అటాచ్‌మెంట్ సిద్ధాంతానికి బలం చేకూరింది ఇలాంటి ఓపికైన గమనింపు వల్లే. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉందా అన్నదే అసలు ప్రశ్న. స్టాటిస్టిక్స్ కూడా తప్పదు. సైన్స్ విద్యార్థి కాబట్టి దానికి భయపడదు.

ఉద్యోగాల మాట. డిగ్రీ ఒక్కటే చాలదు, పీజీ చెయ్యాలి. ఆ తర్వాత స్కూళ్లలో కౌన్సెలింగ్, కంపెనీల్లో హెచ్‌ఆర్ లాంటి దారులున్నాయి. మానసిక సమస్యలకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర సంస్థ గుర్తించిన శిక్షణ పూర్తిచేసి, అక్కడ రిజిస్టర్ కావాలి. అలాంటి శిక్షణకు పేరుపడ్డ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ మీ ఊళ్లోనే, హోసూరు రోడ్డులో ఉంది. సీట్లు తక్కువ, పోటీ గట్టిది. స్థిరపడే సరికి ఇంజనీరింగ్ కన్నా ఎక్కువ ఏళ్లు పడుతుంది. ఇంటి ఖర్చులు ఆ లెక్కన చూసుకోండి.

ఒక్కటి మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది. బెంగళూరులో మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఆఫీసులో ఎంత ఇంగ్లీషు మాట్లాడినా, బాధ చెప్పుకునేటప్పుడు నోటికొచ్చేది అమ్మ భాషే. తెలుగులో వినగలిగే సైకాలజిస్ట్ ఇక్కడ కావాలి.

ఈ ఆదివారం తండ్రీకూతుళ్లిద్దరినీ కూర్చోబెట్టి, రెండు మూడు కాలేజీల సిలబస్ చదివించండి. మీ వారిని సలహా ఇవ్వొద్దనండి, "ఇందులో నీకు నచ్చిందేది?" అని అడగమనండి.