సమాధానం: ధ్వనులన్నీ ఒకే గోడకు అతికినట్టు ఎందుకున్నాయి?

వరంగల్ ధ్వనులతో మీరు చేసిన కూర్పులో నేతవాడ అయిన కొత్తవాడ మగ్గం, కాజీపేట జంక్షన్‌లో రైలు, భద్రకాళి చెరువు కట్ట మీద పక్షులు కలిపితే అన్నీ ఒకే గోడకు అతికినట్టున్నాయనీ, నాలుగు నిమిషాలు ఎంతకీ తెమలడం లేదనీ రాశారు. విన్నాను, నిజమే.

రైలును వెనక్కి నెట్టడానికి మీరు వాల్యూమ్ ఒక్కటే తగ్గించారు. దాంతో అది దూరపు రైలు కాలేదు, బొమ్మ రైలైంది. దూరం పెరిగేకొద్దీ గాలి పై పౌనఃపున్యాలను, అంటే సన్నని కీచు భాగాన్ని, ముందుగా మింగేస్తుంది. నేరుగా వచ్చే శబ్దం బలహీనపడి, గోడలకు తగిలి తిరిగొచ్చేదాని వాటా పెరుగుతుంది. అందుకని ఈక్వలైజర్‌లో (పౌనఃపున్యాలను విడివిడిగా పెంచే, తగ్గించే సాధనం) పై భాగం తగ్గించి, రివర్బ్ (గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని) కాస్త పెంచండి. అంతకన్నా మేలైన దారి, మళ్లీ కొత్తవాడ వెళ్లి అదే మగ్గాన్ని పక్కన కూర్చుని ఒకసారి, గుమ్మంలో ఒకసారి, వీధి చివర ఒకసారి రికార్డు చేయడం. ఆ వీధి సందును ఏ ప్లగిన్ (ధ్వనిని మార్చే సాఫ్ట్‌వేర్) కట్టి ఇవ్వదు.

ఇక కాలం. రెండు సెకన్ల మగ్గం ముక్కను లూప్ చేశారు. చెవి మూడోసారికే పసిగట్టేస్తుంది, ఆపైన ఏదీ కదలదు. 1948లో ఫ్రెంచ్ స్వరకర్త పియర్ షెఫర్ పారిస్‌లోని బాటిన్యోల్ స్టేషన్‌లో రైళ్లను రికార్డు చేసి, ముక్కలను పదేపదే తిప్పాడు. అయితే రైలును మరిపించి లయను వినిపించాలన్నది ఆయన ఉద్దేశం. మీకు కావలసింది కొత్తవాడే కదా! నేత చేయి ఏ రెండు దెబ్బలనూ ఒకేలా వేయదు. పోగు తెగితే ఆగుతుంది. ఆ విరామాన్ని మీరు కోసేశారు, తిరిగి పెట్టండి.

స్టేషన్ ప్రకటన మాత్రం ఒక్కసారి చాలు. రైలు వేళ చెవిన పడగానే వినేవాడు గడియారం చూసుకుంటాడు.