నిపుల్ కవర్ల సైజును బ్రా సైజు బట్టి ఎంచుకోవచ్చా?

వచ్చే నెలలో చెల్లెలి పెళ్లికి వీపు పూర్తిగా తెరిచి ఉండే బ్లౌజు కుట్టించుకున్నారని, దాని లోపలికి నిపుల్ కవర్లు, అంటే బ్రా లేనప్పుడు చనుమొనలు బయటికి తెలియకుండా చర్మానికి అతికించుకునే గుండ్రని బిళ్లలు, కొందామని చూస్తే 6.5, 8, 10 సెంటీమీటర్ల వెడల్పు సైజులు కనిపిస్తున్నాయని, మీ బ్రా సైజు 36సి కాబట్టి వాటిలో ఏది సరిపోతుందని అడిగారు. నేను విజయవాడలో చాలా ఏళ్లుగా బ్లౌజులు కుట్టే బొటీక్ నడుపుతున్నాను. ఫంక్షన్లకు నేను కూడా ఈ కవర్లు వాడుతుంటాను కనుక, కుట్టేదానిగానూ వాడేదానిగానూ నాకు తెలిసినది చెబుతాను.

ముందుగా బ్రా సైజును పక్కన పెట్టండి. అందులోని 36 అన్నది రొమ్ము కింది చుట్టుకొలతను బట్టి వచ్చే అంకె, సి అన్నది రొమ్ము నిండుదనాన్ని చెప్పే అక్షరం. కవర్ కప్పవలసినది మాత్రం చనుమొనను, దాని చుట్టూ ఉండే ముదురు రంగు వలయాన్ని. ఆ వలయం వెడల్పు మనిషి మనిషికీ మారుతుంది. సన్నగా ఉండి 32 సైజు వేసుకునే అమ్మాయికి అది ఐదు సెంటీమీటర్లు ఉండవచ్చు, 38 వేసుకునే ఆమెకు మూడున్నరే ఉండవచ్చు. అందువల్ల ‘ఏ, బి కప్పులకు చిన్నది, సి, డి కప్పులకు పెద్దది’ అని ప్యాకెట్ల మీద రాసే లెక్కను నేను నమ్మను. ఎవరు అడిగినా వలయాన్ని కొలుచుకొని రమ్మనే చెబుతాను.

కొలిచే పద్ధతిలో కొంత జాగ్రత్త అవసరం. చన్నీళ్ల స్నానం చేసి వచ్చిన వెంటనే గాని, ఏసీ గదిలో గాని కొలవకండి. చలికి ఆ వలయం ముడుచుకొని అసలు కన్నా చిన్నదిగా కనిపిస్తుంది; పెళ్లి మండపంలోని వేడికి అది మళ్లీ విచ్చుకుంటుంది. బ్రా లేకుండా అద్దం ముందు నిటారుగా నిలబడి, మెత్తని టేపును చర్మం వంపు మీదుగా ఆనించి, వలయం ఒక అంచు నుంచి ఎదుటి అంచు వరకు కొలవండి. గట్టి స్కేలు పెడితే వంపు లెక్కలోకి రాక కొలత తగ్గుతుంది. రెండు వైపులా సమానంగా ఉండకపోవడం సహజమే కనుక రెండూ కొలిచి పెద్దదాన్నే తీసుకోండి. గర్భంతో ఉన్నప్పుడూ, పిల్లలకు పాలిచ్చే రోజుల్లోనూ ఈ వలయం పెద్దదవుతుంది. నా రెండో కాన్పు తరువాత అంతకుముందు చక్కగా సరిపోయిన జత చాలక పై సైజుకు మారాను. కాబట్టి ఏళ్ల కిందటి కొలతతో కొనవద్దు.

వచ్చిన కొలతకు చుట్టూ ప్రతి వైపునా కనీసం ఒక సెంటీమీటరు, వీలైతే ఒకటిన్నర కలపండి, అంటే మొత్తం వెడల్పుకు రెండు నుంచి మూడు సెంటీమీటర్లు కలుస్తాయి. వలయం నాలుగు సెంటీమీటర్లు ఉంటే ఆరున్నర నుంచి ఏడు, ఐదు ఉంటే ఎనిమిది, ఆరు దాటితే తొమ్మిది లేదా పది సెంటీమీటర్ల కవర్ కావాలి. ఈ అదనపు జాగా కప్పి దాచడానికి మాత్రమే కాదు. వలయం మీది చర్మం పలుచగా, చిన్న చిన్న బుడిపెలతో ఉంటుంది. ఆ బుడిపెల నుంచి కాస్త నూనె ఊరుతూ ఉంటుంది. కవర్ అంచు అక్కడే ఆగిపోతే పట్టు నిలవదు, పైగా తీసేటప్పుడు ఆ సున్నితమైన చర్మమే లాగినట్టయి నొప్పి పుడుతుంది. అంచు బయటి మామూలు చర్మం మీద కూర్చున్నప్పుడే పట్టు గట్టిగా ఉంటుంది. మధ్య భాగంలో జిగురు లేని రకాలు చనుమొనకు హాయిగా ఉంటాయి గాని, వాటికి పట్టంతా చుట్టూ ఉన్న అంచుదే కనుక ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి.

కొనక ముందే ఇంట్లో సరిచూసుకోవడానికి నేను అందరికీ గాజులు చెబుతాను. గాజు సైజులో చుక్క తరువాతి అంకె అంగుళంలో పదహారో వంతులు, అంటే 2.8 గాజు లోపలి వెడల్పు సరిగ్గా రెండున్నర అంగుళాలు, సుమారు 6.35 సెంటీమీటర్లు. 2.10 అయితే 6.7 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. వలయం మధ్యకు వచ్చేలా 2.8 గాజును ఆనించి అద్దంలో చూడండి. గాజుకూ వలయానికీ మధ్య అన్ని వైపులా చిటికెన వేలు పట్టేంత చర్మం కనిపిస్తే 6.5 మీకు చాలు. ఏ ఒక్క వైపు ఇరుకైనా 8కి వెళ్లండి.

అలాగని ఎందుకైనా మంచిదని 10 తీసుకోవడమూ సరికాదు. రొమ్ము చిన్నదిగా ఉన్నవారికి అంత పెద్ద బిళ్ల వంపు మీద పూర్తిగా పరచుకోక అంచుల్లో ముడతలు పడుతుంది, ఆ ముడతల్లోంచి చెమట చేరి ఊడడం మొదలవుతుంది. నిండుగా ఉన్నవారికి అది సరిగ్గానే పరచుకున్నా, బ్లౌజు మెడ అడ్డొస్తుంది. మీరు అనుకున్న సైజులో ఒక కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, బ్లౌజు వేసుకొని లోపల దాని చోట అమర్చి, చేతులు పైకెత్తండి, అక్షింతలు వేసేటప్పుడు వంగినట్టు ముందుకు వంగండి. ముందు మెడ దగ్గర గాని, చంక పక్కన గాని కాగితం తొంగిచూస్తే ఆ సైజు ఆ బ్లౌజుకు పనికిరాదు. అప్పుడు సైజు తగ్గించే బదులు టైలరుతో మెడను ఒక అర అంగుళం పైకి తీయించుకోవడమే నయం.

సైజు కుదిరాక చూడవలసినది అంచు. మధ్యలో కాస్త మందం ఉన్నా, అంచు కాగితంలా పలుచబడిపోవాలి. జార్జెట్, శాటిన్ వంటి జారే బట్టల కింద మందపాటి అంచు గుండ్రంగా అచ్చుపడి, దాచాలనుకున్నదాని కన్నా ఎక్కువ కనిపిస్తుంది. లైనింగ్ ఉన్న రా సిల్క్, పట్టు బ్లౌజుల కింద ఆ ఇబ్బంది అంతగా ఉండదు. మెరుపు లేని రకాన్ని, మీ ఒంటి రంగుకు దగ్గరగా ఉన్నదాన్ని తీసుకోండి.

ఇక మన పెళ్లిళ్లకే ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. నలుగు పెట్టే రోజున చాలా ఇళ్లలో ఆడవాళ్లు కూడా నూనె, సున్నిపిండి, పసుపు పూసుకుంటారు. ఒంటి మీద ఆ నూనె జిడ్డు మిగిలి ఉంటే ఎంత సరైన సైజు కవరైనా నిలవదు. సబ్బుతో శుభ్రంగా కడుక్కొని, పూర్తిగా ఆరిన తరువాత, లోషనూ పౌడరూ రాయకుండా పెట్టుకోండి. కాస్త ముందుకు వంగి, మధ్య భాగాన్ని ముందు ఆనించి, అంచులను బయటి వైపుకు నిమురుతూ అద్దితే ముడత రాదు. ముందుగా ఒకసారి చేతి లోపలి వైపు అతికించి కొన్ని గంటలు ఉంచి, దురద, ఎర్రదనం రాలేదని తెలిశాకే వాడండి. చర్మం మీద పుండు, పగులు ఉంటే అసలు వద్దు.

మీరు అడగకపోయినా ఇంకొక్క మాట చెప్పాలి. ఈ కవర్లు కప్పుతాయే గాని రొమ్మును ఎత్తి పట్టవు. 36సికి బ్రా లేకుండా రాత్రి ముహూర్తం దాకా సౌకర్యంగా ఉండాలంటే, బ్లౌజులోనే కప్పులు కుట్టించి, కింది పట్టీని బిగువుగా పెట్టించుకోవడం మంచిది. పెళ్లికి ఇంకా నెల ఉంది కనుక టైలరుకు ఇప్పుడే చెప్పండి. కప్పులు మందంగా ఉంటే మీకు కవర్ల అవసరమే రాకపోవచ్చు. కాబట్టి ముందు ఆ బ్లౌజు వేసి చూసుకొని, అప్పటికీ కావాలనిపిస్తే, వలయం నాలుగు సెంటీమీటర్ల లోపు ఉంటే 6.5, నాలుగుకూ ఐదుకూ మధ్య ఉంటే 8 తెప్పించుకోండి. ప్యాకెట్ విప్పాక చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు కనుక గాజుతో, కాగితంతో సరిచూడడం అంతకుముందే పూర్తిచేయండి.