ఫోన్‌ల మాట్లాడితే డిప్రెషన్ తగ్గుతదా? మా అక్క సంగతి చెప్త

"మా అమ్మకు డిప్రెషన్ అన్నరు. మేముండేది అచ్చంపేట దిక్కు. హైదరాబాద్ పోయి రావుడు కష్టమని వారానికోసారి ఫోన్‌లనే కౌన్సెలింగ్ చేస్తమంటున్నరు. ఫోన్‌ల మాట్లాడితే మనిషి మారుతదా? మారుతున్నట్టు మాకెట్ల తెలుస్తది?" అని ఒక తమ్ముడు అడిగిండు.

మారుతది తమ్మీ. కానీ మీరు చూసే దిక్కు మార్పు కనవడదు. ఫోన్ పెట్టెయ్యంగనే మొఖం తేటగైందా లేదా అని ఇంటిల్లిపాది నిలవడి చూస్తరు. అక్కడేం దొరకదు. ఈ ఫోనుకూ వచ్చే ఫోనుకూ నడుమ వారం దినాలుంటది చూడు, అందుల మనిషి ఏం చేస్తున్నదో అది చూడాలె.

మా అక్కోళ్లది గుర్రంపోడు మండలం. బత్తాయి తోట ఉంది. అక్కకు ఈ బీమారి ఎందుకొచ్చిందని అందరూ కారణాలు ఎతికిన్రు. బోర్లెండినయని ఒకరు, కొడుకు హాస్టల్‌కు పోయిండని ఒకరు, ఎవరో ఏదో చేసిన్రని ఇంకొకరు. తాయెత్తు కట్టిచ్చిన్రు, మొక్కులు మొక్కిన్రు. అక్క మాత్రం పొద్దుందాక గోడ దిక్కు తిరిగి పండుకునేది. హైదరాబాద్‌ల డాక్టరు గోలీలు రాసి, తన దగ్గర పనిచేసే సైకాలజిస్టు మేడంతోని వారం వారం ఫోన్‌ల మాట్లాడాలన్నడు. ఆ మాట ఇనంగనే నాకు పానం నిమ్మళమైంది. గుర్రంపోడు నుంచి కొండమల్లేపల్లికి పోయి, అక్కడ బస్సెక్కి మాల్ అనే ఊరు, ఇబ్రహీంపట్నం మీదికెళ్లి పట్నం పోవాలంటే, మంచం దిగని మనిషిని ఎవరు తోల్కపోతరు?

మొదలు మొదలు ఫోనొస్తే బావ స్పీకర్ పెట్టేటోడు. పక్కకు వాళ్ల అత్తమ్మ, గడపల ఎవరో ఒక సుట్టపామె. అక్క "ఆఁ", "ఊఁ" తప్ప మాట్లాడలే. "మీ పక్కన ఎవరన్నా ఉన్నరా అమ్మా?" అని మేడం అడిగితే దానికి గూడ బావనే జవాబు చెప్పిండు! ఆ ఫోన్ పట్టుకొని నేను అక్కను తోటల మోటరు రూము కాడికి తీస్కపోయిన. అక్కడ సిగ్నల్ మంచిగుంటది, మనిషి ఉండడు. అప్పటిసంది ఫోన్ అక్కడనే. అక్క నోరు తెరిచింది గూడ అక్కడనే. ఎదురుంగ మనిషి కూసుంటే అక్క తలకాయ ఎత్తేది కాదు. ఫోన్‌ల ఎవరూ చూస్తలేరు గద, కండ్లు మూసుకొని మాట్లాడేది. మన దిక్కు ఆడోళ్లకు ఎదురుంగ కూసోవెట్టి అడుగుడు కంటే ఫోనే నయమని నేను గట్టిగ నమ్ముత.

మేడం పెద్ద పెద్ద మాటలు చెప్పలే. "బీమారి రాకముందు పొద్దుగాల లేచి ఏం చేసేటోళ్లు?" అనడిగింది. డ్రిప్పు పైపులు చూసేదాన్నన్నది అక్క. మా దిక్కు నీళ్లల్ల ఉప్పుంటది, పైపుల రంధ్రాలు మూసుకపోతయి, సూది పెట్టి పొడవాలె. "రేపు ఒక్క వరుస చూసి రండి. మనసున పట్టినా పట్టకున్నా పోండి. వచ్చినంక ఎంత కష్టమైందో పదిల ఎంతో రాసి పెట్టుండ్రి" అన్నది. గంతే. మనసు మంచిగైతే పని చేస్తమని మనమనుకుంటం. వాళ్ల పద్ధతి ఉల్టా. ముందు పని చెయ్యాలె, మనసు ఎనుక వస్తది. మొదటి వారం అక్క తోట దాక పోయి ఊకె నిలవడి వచ్చింది. మేడం దాన్ని గూడ రాయమన్నది.

నడుమల ఒకపారి ఫోన్ పెట్టినంక అక్క పొద్దుమూకేదాక ఏడిసింది. ఎన్నేండ్ల కిందటి సంగతో, ఎవరికీ చెప్పనిది, చెప్పుకున్నది. బావ నా మీదికొచ్చిండు. "మంచిగున్నదాన్ని ఏడిపిస్తున్నరు, ఈ ఫోన్లు బంద్ పెట్టు" అన్నడు. ఏం మంచిగుండె? మూణ్నెల్లు గోడ దిక్కు పండుకున్న మనిషి మంచిగున్నట్టా? సప్పుడు చెయ్యకుంట పడుంటే ఇంట్లోళ్లకు మంచిగున్నట్టే అనిపిస్తది. ఫోన్ వైద్యం సగంల ఆగేది ఇక్కడనే. బావతోని కొట్లాడి నడిపిచ్చిన.

అసలు మార్పు నాకు తెలిసింది తోట మీదికి బేరగాడు వచ్చిన దినం. బావ, ఆయన గట్టు మీద కూసుని మాట్లాడుతున్నరు. టన్నుకు ఇంత తరుగు, అంటే తూకంల కోత, తీస్తనని ఆయన చెప్పుకుంట పోతుంటే బావ తల ఊపుతుండు. ఇది మా నల్లగొండ జిల్లాల పాత లొల్లి. ఏడాదంత నీళ్లు పెట్టి పెంచినోడు తరుగు కాడ ఓడిపోతడు, అడిగే దిక్కుండదు. అక్క పైపుల కాడికెళ్లి లేచొచ్చింది. చేతుల సూది అట్లనే ఉంది. "నిరుడు తీసినంత తరుగే తియ్యాలె. రాలిన కాయ మేమే ఏరి పక్కకు పెడ్తం. మంచి కాయకు తరుగెందుకిస్తం?" అన్నది. బేరగాడు నవ్వి, "నువ్వుండక్కా, మేం మాట్లాడుతున్నం గద" అన్నడు. "తోట నాది గూడ" అన్నది అక్క. గొంతు వణికింది గానీ మాట ఆగలే. బావ నోరు తెరిచి చూసిండు. బేరం ఆ దినం కుదరలే, బేరగాడు బండేసుకొని పోయిండు. బావకు కోపమే. నాకు మాత్రం ఆ దినం నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత ఫోన్‌లనూ అదే. "లేదు మేడం, మీరన్నట్టు కాదు" అని ఎదురు చెప్పుడు షురు చేసింది. ముందు ఏదడిగినా "మీ ఇష్టం" అనేది. జవాబు చెప్పేటప్పుడు నడుమ ఉండే సందు తగ్గింది, గొంతు పెరిగింది. మీ అమ్మ నీ మాటకు ఎదురు చెప్పిన దినం గుర్తు పెట్టుకో తమ్మీ, మందు పనిచేస్తున్నట్టే.

వాళ్లు లెక్క గూడ చూస్తరు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలుంటయి. ఎనుకటి రెండు వారాల్ల నిద్రెట్లుంది, తిండెట్లుంది, పని మీద మనసుందా అని ఒక్కోదానికి 0 నుంచి 3 దాక మార్కులు, మొత్తం 27. మార్కులు ఎక్కువుంటే బీమారి ఎక్కువున్నట్టు. 5 మార్కులు తగ్గితే నిజంగ మారినట్టు లెక్క. అక్కకు ముందు నిద్ర, తిండి కుదిరినయి. "నేనెందుకూ పనికిరాను" అన్నది అన్నిటికంటే ఎనుక పోయింది. నవ్వు ముందు వస్తదని ఎదురుచూసేటోళ్లు అందుకే మోసపోతరు.

ఫోన్‌ల వైద్యమేందని తీసిపారేసేటోళ్లకు ఒక్కటి చెప్త. 2012ల అమెరికాల ‘జామా’ అనే వైద్య పత్రికల ఒక అధ్యయనం వచ్చింది. చికాగో దిక్కు 325 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును ఎదురుంగ కూసోవెట్టి, ఇంకో జట్టుకు ఫోన్‌ల ఒకే తీరు వైద్యం చేసిన్రు. ఎదురుంగ కూసున్నోళ్లల్ల నూటికి 33 మంది దాక నడుమల మానేస్తే, ఫోన్ జట్టుల మానేసింది నూటికి 21 మంది. ఆఖరుకు రెండు జట్లకు ఇంచుమించు ఒక్క తీరుగనే తగ్గింది. కానీ ఆర్నెల్లకు మళ్ల చూస్తే ఎదురుంగ కూసున్నోళ్లే కొంచెం నయమున్నరు. నన్నడిగితే ఫోన్లు ఆగంగనే పనులు గూడ ఆపిన్రు, అందుకే అట్లైంది. అక్క ఇప్పటికీ ఆ నోటుబుక్కుల రాస్తది, నేను రాయిస్త.

నువ్వు చెయ్యాల్సింది, అమ్మకు ఫోన్ ఇచ్చి దూరం పో. "ఏం చెప్పినవ్, మేడం ఏమన్నది" అని తవ్వకు. ఊర్ల నుంచి చూడొచ్చినోళ్లు "టెన్షన్ పెట్టుకోకు, అంత మంచిగైతది" అని గంటలు గంటలు కూసుంటరు, వాళ్లను గడప అవతలనే ఆపు. కొంచెం నయమైందని గోలీలు మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరు చెప్పేదాక మింగాలె. ఇంట్ల పురుగుల మందు డబ్బాలుంటే ఇవాళ్లనే ఊరవతల ఎవరింట్లనన్న పెట్టు. మాకు మేడం మొదటి వారమే చెప్పింది. వారం నడుమ ఆగమనిపిస్తే టెలి-మానస్ అని మనసు బాధలకు సాయం చేసే ఫోన్ నంబరుంది, 14416కు చెయ్యండ్రి. 2022 అక్టోబర్‌ల సర్కారు పెట్టింది, పైసలు పడవు, రాత్రైనా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు. "బతికెందుకు" అన్న మాట అమ్మ నోట వస్తే మాత్రం వచ్చే వారం ఫోన్ దాక చూడకు, అప్పటికప్పుడు దవాఖానకు తీస్కపో.