సిజేరియన్ బాబుకు ఉబ్బసం ముప్పు ఎక్కువా?

ప్రశ్న: మా బాబుకు 4 నెలలు. సిజేరియన్ కాన్పు. రెండో నెలలో న్యుమోనియా వస్తే ఆసుపత్రిలో చేర్చి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మావారికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉంది. పేగుల్లో మంచి బ్యాక్టీరియా తగ్గితే పిల్లలకు ఉబ్బసం వస్తుందని చదివాను. ప్రోబయోటిక్ చుక్కలు వేయమంటారా?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: ముందుగా ఆ ఇంజెక్షన్ల గురించి బాధపడటం మానేయండమ్మా. పసిబిడ్డకు న్యుమోనియా వస్తే అవి ప్రాణం కాపాడే మందులు. జలుబుకూ మామూలు విరేచనాలకూ అవసరం లేకుండా వాడే యాంటీబయాటిక్స్ గురించే నా ఆందోళనంతా.

మీరు చదివిన దాంట్లో నిజం ఉంది. కెనడా పరిశోధకులు 300 మందికి పైగా పిల్లలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఉబ్బసం ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లల మలంలో 3 నెలల వయసులో ఫీకాలీబ్యాక్టీరియం, లాక్నోస్పైరా, వీల్లోనెల్లా, రోథియా అనే నాలుగు రకాల బ్యాక్టీరియా తక్కువగా కనిపించాయి. ఏడాది నిండేసరికి ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. ఆ నాలుగింటినీ ఎలుకలకు ఇచ్చి చూస్తే, వాటి పిల్లల ఊపిరితిత్తుల్లో వాపు తగ్గింది. పేగుల్లోని బ్యాక్టీరియా తయారుచేసే ఎసిటేట్ వంటి పదార్థాలు రక్తంలో కలిసి, దేనిమీద విరుచుకుపడాలో దేన్ని వదిలేయాలో రోగనిరోధక కణాలు నేర్చుకునేందుకు తోడ్పడతాయి.

మూడు నెలలు దాటిపోయాయని కంగారుపడకండి. డెన్మార్క్‌లో దాదాపు 700 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2020లో వెలువడింది. సిజేరియన్‌లో పుట్టినా, ఏడాది నిండేసరికి పేగుల్లోని బ్యాక్టీరియా మామూలు స్థితికి చేరుకున్న పిల్లల్లో ఉబ్బసం ముప్పు పెరగలేదు. మీ బాబుకు ఇంకా సమయం ఉంది.

చుక్కల మందు మాత్రం వద్దు. దుకాణాల్లో దొరికే ప్రోబయోటిక్స్ ఉబ్బసాన్ని ఆపుతాయని ఇంతవరకు రుజువు కాలేదు. తల్లిపాలలోని కొన్ని చక్కెరలు బిడ్డకు అరగవు, అవి పేగుల్లోని బైఫిడో అనే మంచి బ్యాక్టీరియాకు ఆహారం. 6 నెలలు నిండేవరకు మీ పాలు మాత్రమే పట్టండి. పాలు చాలకపోతే మీ పిల్లల డాక్టరుతో మాట్లాడండి, అందులో మీ తప్పేమీ లేదు. వసకొమ్ము తేనెలో అరగదీసి నాకించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రమాదకరం.

మీరు అడగలేదు కానీ, మన ఇళ్లలో నలుగుపెట్టి నీళ్లుపోశాక బిడ్డకు సాంబ్రాణి పొగ వేస్తారు. తండ్రికి ఉబ్బసం ఉన్న ఇంట్లో అది అసలు వద్దు. తల తడిని పొడి బట్టతో ఒత్తితే చాలు. దోమల కాయిల్ బదులు దోమతెర కట్టండి. ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చకూడదు. ఈ జాగ్రత్త చుక్కల మందు కంటే ఎంతో మేలు చేస్తుంది.

బాబు నిద్రలో ఉన్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో నిమిషం పాటు లెక్కపెట్టండి, ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. 50 లేదా అంతకుమించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.