పిచ్ కంట్రోల్ మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. విండ్ టర్బైన్ రెక్కల కోణాన్ని ఆయిల్ ఒత్తిడితో మార్చే హైడ్రాలిక్ పిచ్ సిస్టమ్ డైనమిక్స్ (కదలికల తీరు) మీద ప్రాజెక్టు చేయాలని ఉంది. ఇప్పుడంతా మోటారుతో తిప్పే ఎలక్ట్రిక్ పిచ్ సిస్టమ్‌లేనని, దీనికి భవిష్యత్తు లేదని సీనియర్లు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: నిక్షేపంగా చేయండి. మీ సీనియర్లు చెప్పింది సగమే నిజం. ఎలక్ట్రిక్ పిచ్ చాలా టర్బైన్లలో ఉన్నమాట వాస్తవమే. కానీ వెస్టాస్ లాంటి పెద్ద తయారీదారులు ఏళ్ల తరబడి హైడ్రాలిక్‌నే నమ్ముకున్నారు. కరెంటు పోయినా, అక్యుములేటర్ అనే నిల్వ పాత్రలో నైట్రోజన్ ఒత్తిడితో ఉన్న ఆయిల్ సిలిండర్‌ను నెట్టి, గాలి పట్టు తప్పేలా రెక్కను 90 డిగ్రీల వైపు తిప్పేస్తుంది. దాంతో టర్బైన్ నెమ్మదించి ఆగుతుంది.

అసలు చిక్కు ప్రాజెక్టు చేసే తీరులో ఉంది. బ్లాక్ డయాగ్రమ్ గీసి, పీఐడీ (మామూలుగా వాడే కంట్రోలర్) పెట్టి, ఒక గ్రాఫ్ చూపించి వదిలేస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

దానికి బదులు లోపాల వైపు నుంచి మొదలుపెట్టండి. ఫాల్ట్ డిటెక్షన్ (లోపాలను పసిగట్టే) పరిశోధకులు 2009 నుంచి వాడుతున్న 4.8 మెగావాట్ల టర్బైన్ బెంచ్‌మార్క్ మోడల్ ఒకటుంది. అందులో ఆరోగ్యంగా ఉన్న పిచ్ సిస్టమ్ సహజ పౌనఃపున్యం (ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పేది) సెకనుకు 11.11 రేడియన్లు, డ్యాంపింగ్ (ఊగిసలాటను అణచే గుణం) 0.6. ఆయిల్‌లో గాలి బుడగలు చేరితే అవి 5.73కు, 0.45కు పడిపోతాయి. ఆయిల్ లీకై ఒత్తిడి తగ్గితే పౌనఃపున్యం 3.42కు దిగుతుంది గానీ, డ్యాంపింగ్ మాత్రం 0.9కి పెరుగుతుంది. రెండు లోపాల్లోనూ రెక్క ఆలస్యంగానే కదులుతుంది. అయితే గాలి చేరినప్పుడు ఆయిల్ బిగువు తగ్గి సిలిండర్ స్ప్రింగులా ఊగుతుంది. లీకైనప్పుడు ఊగదు, బద్ధకంగా జరుగుతుంది. ఈ తేడాను కాగితం మీద సమీకరణంతో, స్క్రీన్ మీద సిమ్యులేషన్‌తో చూపించగలిగితే మీకు విషయం తెలుసని ఎదుటివారికి అర్థమైపోతుంది.

తర్వాత ఆ యాక్చుయేటర్‌ను, అంటే రెక్కను కదిపే భాగం మోడల్‌ను, పూర్తి టర్బైన్‌కు తగిలించండి. టర్బైన్‌ను సిమ్యులేట్ చేసే ఓపెన్‌ఫాస్ట్ సాఫ్ట్‌వేర్ ఉచితం. అమెరికా పునరుత్పాదక ఇంధన ల్యాబ్ రూపొందించిన ‘ఎన్‌ఆర్‌ఈఎల్ 5 మెగావాట్ల’ నమూనా టర్బైన్ కూడా అంతే. దాని రేటెడ్ గాలి వేగం (పూర్తి సామర్థ్యం అందుకునే వేగం) సెకనుకు 11.4 మీటర్లు, పిచ్ వేగ పరిమితి సెకనుకు 8 డిగ్రీలు. దాని మూల మోడల్‌లో యాక్చుయేటర్ డైనమిక్స్ చేర్చలేదు, కాబట్టి అక్కడ మీరు చేయడానికి పని ఉంది. గాలి ఒక్కసారిగా పెరిగినప్పుడు రెక్క ఆలస్యం చేస్తే రోటర్ వేగం ఎంత పెరుగుతుంది, టవర్ ఎంత ఊగుతుంది? టర్బైన్‌పై పడే బలాలను లెక్కించే లోడ్స్ ఇంజినీర్లు, కంట్రోల్స్ ఇంజినీర్లు రోజూ కుస్తీ పట్టేది ఇలాంటి ప్రశ్నలతోనే.

ఒక మెలిక ఉంది. కేవలం పిచ్ సిస్టమ్ మనిషినని ముద్ర వేయించుకోకండి. ప్రపోర్షనల్ వాల్వులు (ఆయిల్ ప్రవాహాన్ని కావాల్సినంత మేర వదిలేవి), సర్వో కంట్రోల్ (కదలికను కచ్చితంగా నడిపే పద్ధతి), అక్యుములేటర్ లెక్కలు విమానాల్లో, ఎక్స్‌కవేటర్లలో, రోలింగ్ మిల్లుల్లో కూడా పనికొస్తాయి. రెజ్యూమెలో ఈ నైపుణ్యాల పేర్లే ముందు రాయండి, టర్బైన్ సంగతి ఆ తర్వాత. రేపు ఎలక్ట్రిక్ పిచ్ కంపెనీ పిలిచినా, సిలిండర్ స్థానంలో మోటారు, గేరుబాక్సు వస్తాయి తప్ప కంట్రోల్ లూప్ ఆలోచన పెద్దగా మారదు.

పై చదువులకైతే పేరులో ‘విండ్ ఎనర్జీ’ ఉందని కోర్సులో చేరిపోకండి. ఫ్లూయిడ్ పవర్ (హైడ్రాలిక్స్ లాంటివి), కంట్రోల్స్ గట్టిగా చెప్పేచోటు వెతకండి. గైడ్‌గా ఎవరిని అడగాలన్న సందేహం ఉంటే, కంట్రోల్ సిస్టమ్స్ చెప్పే మాస్టారిని ముందు కలవండి.