పవర్ పెట్రోల్, అడిటివ్ సీసాలు పాత బైక్ ఇంజిన్‌లో కార్బన్‌ను పోగొడతాయా?

మీది 2012 మోడల్ 125 సీసీ కార్బొరేటర్ బండి, పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ అవడం లేదు, పికప్ పడిపోయింది అంటున్నారు. పవర్ పెట్రోల్ (ఎక్కువ ధర పెట్టే ప్రీమియం పెట్రోల్) కొట్టించి నెలకో అడిటివ్ సీసా (పెట్రోల్‌లో కలిపే మందు) పోస్తే కార్బన్ పోయి ఇంజిన్ అరగకుండా ఉంటుందా అని అడిగారు.

నాది ఖమ్మంలో టూవీలర్ షెడ్డు. డబ్బు పెట్టే ముందు ప్లగ్గు విప్పించి చూడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. మొన లేత గోధుమ రంగులో ఉంటే లోపల మంట బాగానే ఉన్నట్టు. పొడిగా నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ వెళ్తోంది: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయి ఉండొచ్చు. తడిగా జిడ్డుగా ఉంటే పిస్టన్ రింగుల నుంచో వాల్వ్ సీల్ నుంచో ఆయిల్ పైకి వస్తోంది. అప్పుడు ట్యాంకులో ఏం పోసినా ఆ కార్బన్ మళ్లీ పడుతూనే ఉంటుంది. ఈమధ్య ఒక కుర్రాడి బండి ప్లగ్గు విప్పితే పింగాణీ అంతా ఇటుకపొడి పూసినట్టు ఎర్రగా ఉంది. ఆక్టేన్ బూస్టర్ పోస్తున్నానన్నాడు. కొన్ని బూస్టర్లలో మాంగనీసు ఉంటుంది, అది మండాక ఆ ఎర్ర పొరగా మిగులుతుంది. ఇంజిన్ శుభ్రం కావాలని పోసిందే అక్కడ పేరుకుంది!

ఆక్టేన్ అంటే నాకింగ్‌ను, అంటే పెట్రోల్ దానంతటదే భగ్గుమని ఇంజిన్ టకటకమనడాన్ని, తట్టుకునే శక్తి మాత్రమే. 95 ఆక్టేన్ పోసినంత మాత్రాన మసి కరగదు, మీ బండి కంప్రెషన్‌కు అంత ఆక్టేన్ అవసరమూ లేదు. కడిగే పని చేసేది డిటర్జెంట్. ఖరీదైన పెట్రోళ్లలో కొన్నింటిలో అది కాస్త ఎక్కువ కలుపుతారు. సీసాల్లో అయితే పాలీఈథర్ అమీన్ అని రాసి ఉన్నవి నయం, అవి కంబష్చన్ ఛాంబర్‌లోని (పెట్రోల్ మండే గదిలోని) మసి మీద కూడా కొంత పనిచేస్తాయి. అదీ మెల్లగా, కొంతవరకే. గట్టిపడిన పెచ్చు పోవాలంటే హెడ్డు (సిలిండర్ పై మూత) దించి గీకాల్సిందే.

మీ బండి లక్షణాలు వింటే నా అనుమానం కార్బొరేటర్ మీదే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమను లాగేస్తుంది. నీళ్లు మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. వానాకాలమంతా సగం ట్యాంకుతో వాకిట్లో నిలబెట్టిన బళ్లు షెడ్డుకు వచ్చినప్పుడు కార్బొరేటర్ బౌల్ (పెట్రోల్ నిలిచే గిన్నె) కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే ముందు నీటి బొట్లు జారతాయి, ఆ తర్వాతే పెట్రోల్. బౌల్ గోడలకు తెల్లటి పొడి, ఇత్తడి జెట్టుకు పచ్చటి చిలుము. పైలట్ జెట్టును (స్టార్టింగ్‌కు పెట్రోల్ పంపే సన్న రంధ్రం ఇదే) ట్యూబులైటుకు ఎదురుగా పెట్టి చూస్తే వెలుతురు రాదు. దాన్ని క్లీనర్ స్ప్రేతో, గాలితో కొట్టించండి. పిన్నీసుతోనో స్టీల్ తీగతోనో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోల్ ఎక్కువ పోతుంది, మళ్లీ అదే నల్ల మసి. ఇథనాల్ పాత ట్యాంకు అడుగున పేరుకున్న జిగటను కూడా కరిగించి కిందికి తోస్తుంది. 2012 నాటి రబ్బర్లు దీనికోసం చేసినవి కావు కాబట్టి ఫ్లోట్ నీడిల్, ఓ-రింగులు, పెట్రోల్ పైపు మార్పించేయండి.

ఇక అరుగుదల. ఇప్పటి పెట్రోల్ అంతా చెత్త అని అందరూ తిడతారు కానీ, గంధకం విషయంలో ఇది పాతదానికన్నా చాలా నయం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణం వచ్చాక 50 పీపీఎం (పది లక్షల్లో 50 పాళ్లు) నుంచి 10కి దించారు. అంటే ఆయిల్‌ను పాడుచేసే ఆమ్లాలు ఆ మేరకు తగ్గినట్టే. నేను విప్పిన బోర్లలో (సిలిండర్ లోపలి గోడల్లో) గీతలు పడినవి ఎక్కువగా చిరిగిన ఎయిర్ ఫిల్టర్‌తోనో మార్చని ఆయిల్‌తోనో తిరిగినవే. పెట్రోల్ వల్ల బోర్ అరగడమంటే, మండని పెట్రోల్ సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి దిగడం. కిరోసిన్ కల్తీ జరిగితే ఇది ఇంకా ఎక్కువ, పైగా నాకింగ్ కూడా. డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల) తీసి వాసన చూడండి, పెట్రోల్ వాసన గట్టిగా వస్తే దిగుతున్నట్టే. బంకు మీద అనుమానముంటే ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. ఒక చుక్క వేస్తే మంచి పెట్రోల్ రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతుంది.

కాబట్టి ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, ట్యాపెట్ (వాల్వ్ సందు) సెట్టింగ్, కార్బొరేటర్ సర్వీసు చేయించండి. ఆ తర్వాతా సీసా పోయాలనిపిస్తే ఆయిల్ మార్చడానికి ముందు ట్యాంకులో ఒక్కసారి పోయండి, ఎందుకంటే కరిగిన మురికిలో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. నెలనెలా అక్కర్లేదు. ప్లగ్గు ఫోటో ఇక్కడ పెట్టండి, రెండు సర్వీసుల మధ్య ఆయిల్ ఎంత తగ్గుతోందో కూడా రాయండి. హెడ్డు దించాలో వద్దో అప్పుడు చెప్తాను.