వేలికి 98, పిక్కకు 35... ఏది నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 52. వేగంగా నడిస్తే ఎడమ పిక్క పట్టేస్తోంది. ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ 98 చూపిస్తోంది. పిక్కకు కట్టిన కండర ఆక్సిజన్‌ సెన్సర్‌లో మాత్రం నడకలో 35కి పడిపోతోంది. ప్రమాదమా?

జవాబు: రెండు అంకెలూ నమ్మదగ్గవే కావచ్చు, కొలిచేది వేరు. ఆక్సీమీటర్‌ ధమని రక్తంలోని ఆక్సిజన్‌ను చూస్తుంది. పిక్క సెన్సర్‌ పరారుణ కాంతిని పంపి, కండరం వాడుకోగా అక్కడి సన్నని రక్తనాళాల్లో మిగిలిన ఆక్సిజన్‌ను అంచనా వేస్తుంది. పని పెరిగితే అది తగ్గడం సహజం. కాబట్టి 35 అన్న ఒక్క అంకెతో జబ్బును తేల్చలేం.

పైగా ఈ కొలత చాలా సున్నితం. కాంతిని పంపే, అందుకునే భాగాల మధ్య 3 సెంటీమీటర్లుంటే, కాంతి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతుకే చేరుతుంది. చర్మం కింద కొవ్వు మందంగా ఉంటే సెన్సర్‌ కండరాన్ని సరిగా చూడలేదు, అంకె పెద్దగా కదలదు. పట్టీ బిగిస్తే రక్తం ఆగి అంకె పడిపోతుంది. వదులైతే బయటి వెలుతురు చొరబడుతుంది. చెమట తుడిచి, పిక్క ఉబ్బెత్తు భాగంలో, పైకి కనిపించే సిర మీద పడకుండా పెట్టండి. పైన నల్లటి గుడ్డ చుట్టండి. పెట్టిన చోట పెన్నుతో గుర్తు పెట్టుకోండి. రెండు నిమిషాలు కదలకుండా నిలబడి మొదటి అంకె రాసుకుని, అప్పుడు నడవండి. నొప్పి రాగానే ఆగండి, సెన్సర్‌ తీయకండి. అంకె మొదటి స్థాయికి ఎంతసేపట్లో వచ్చిందో చూడండి. మర్నాడు అదే వేగంతో కుడి పిక్కకూ చేయండి. నా దృష్టిలో ఎంతకు పడిందన్న దానికన్నా ఎంత త్వరగా కోలుకుందన్నదే ముఖ్యం. ఎడమది బాగా ఆలస్యమైతే రక్తప్రసరణను అనుమానించాలి.

ఈ సెన్సర్‌ రక్తప్రవాహాన్ని నేరుగా కొలవదు. దాన్ని తెలుసుకోవాలంటే ల్యాబ్‌లో తొడకు కఫ్‌ (బీపీ చూసేటప్పుడు చేతికి కట్టే గాలి పట్టీ లాంటిది) కట్టి, సిరలు మూసుకుని ధమనులు తెరిచి ఉండేంత ఒత్తిడి పెట్టి, పిక్కలో రక్తం ఎంత వేగంగా పెరుగుతుందో లెక్కిస్తారు. ఇంట్లో ప్రయత్నించకండి.

సెన్సర్‌ ఏం చెప్పినా, నడిస్తే వచ్చి ఆగితే పోయే పిక్కనొప్పికి కాలి ధమని సన్నబడటం ఒక ముఖ్య కారణం. ముందుగా చీలమండ, చేయి బీపీల నిష్పత్తి పరీక్ష చేయించండి. 0.9 లేదా అంతకన్నా తక్కువైతే ధమని జబ్బు ఉన్నట్టే. విశ్రాంతిలో మామూలుగా వస్తే ట్రెడ్‌మిల్‌ మీద నడిపించి మళ్లీ కొలవమనండి. మధుమేహం ఉంటే ధమనులు గట్టిపడి నిష్పత్తి ఎక్కువగా కనిపించవచ్చు, అప్పుడు కాలి బొటనవేలి బీపీ చూడాలి. పడుకున్నా నొప్పి, పాదంపై మానని పుండు ఉంటే వాస్క్యులర్‌ సర్జన్‌ను (రక్తనాళాల శస్త్రచికిత్స నిపుణుణ్ని) వెంటనే కలవండి. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.